నిలువుకాళ్ళ కొలువు

ఆషాఢమాసము ప్రవేశించినతోడనే మా అనంతపురము జిల్లాలో రెండు తెగల జనులు తలలు పైకెత్తి చూచుచుందురు. వేరుసెనగ విత్తనము ఇంటిలో పెట్టుకొన్న రైతు మేఘమునకై చూచును. పట్టణములోని వస్త్రదుకాణపు యజమాని తన నాలుగంతస్తుల మేడమీదినుండి వ్రేలాడదీయించిన డిస్కౌంటు బ్యానరు వంకర లేకుండ నిలిచినదా లేదా యని చూచును. పడమటి కనుమలు నైఋతి ఋతుపవనమును తామే పిండుకొని మిగిలిన గాలిని మాకు పంపుటచేతను, ఈశాన్య ఋతుపవనము మా దాక రాకమునుపే తూర్పుతీరమున అలసిపోవుటచేతను, సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల వానతో తృప్తిపడవలసిన ఈ పీఠభూమిలో మొదటివాని నిరీక్షణము తరచుగా వ్యర్థమగును. పెండ్లిండ్లు లేని మాసమున చీరలు కొనువారుండరని భయపడి ధరలు తగ్గించిన రెండవవాని నిరీక్షణము మాత్రము ఫలించుచునే యుండును. కావుననే మొదటివాని కుమారుడు బయోడేటా చేతబట్టుకొని రెండవవాని గుమ్మము త్రొక్కుట మా సీమలో ఒక ఆచారముగా స్థిరపడినది. ఆ ఆచారమును యథావిధిగా పాటించినవారిలో నేనొకడను.

నా విద్యార్హతలను గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. 1916లో స్థాపింపబడిన అనంతపురము ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలో నేను బి.కాం. పట్టా పుచ్చుకొంటిని. అదే కళాశాలలో చదువుచు, 1931లో స్వాతంత్ర్యోద్యమమునకై చదువును మధ్యలోనే విడిచిపెట్టిన మా జిల్లా నీలం సంజీవరెడ్డిగారు 1977లో భారత రాష్ట్రపతి అయిరి. చదువును కడముట్ట పూర్తిచేసిన నేను ప్యాంటుగుడ్డల విభాగమునకైనను ఎంపిక కాకుండుట చూచిన మా జేజి, "సదువు నడాన ఇడిసినోళ్ళే పైకొస్తార్రా నాయనా, నువ్వు తొందరపడి పూర్తి జేస్తివి" అని తీర్పు చెప్పినది. ఆ తీర్పుమీద అప్పీలు లేదు.

ఇంటర్వ్యూలు సాధారణముగా పై అంతస్తులో, స్టాకు వచ్చిన అట్టపెట్టెల నడుమ జరుగును. అచ్చటికి పోవు మెట్లమీద మేమందరము వరుసగా నిలువబడియుండగా, క్రింది వాకిట వాచ్‌మెన్‌గానున్న వృద్ధుడొకడు తన వంతు పరీక్షను తాను జరుపుచుండెను.

"యా ఊరప్పా మీది?"

"కళ్యాణదుర్గం దిక్కు తాతా."

"వాన పడిందా?"

"యాడ పడింది తాతా, పదును గూడా కాల్యా."

"అట్లయితే రేపు ఇంగా మంది వస్తారు. బయోడేటాలు ఏసేకి ఇంగో పెట్టె తెప్పీయాల."

ఉద్యోగార్థుల సంఖ్యను వర్షపాతమునుబట్టి గణించు ఈ శాస్త్రమును ఆయన ఏ విశ్వవిద్యాలయమునందును అభ్యసించినవాడు కాడు. అయినను ముంగారు తప్పిన ఏడు మెట్లు చాలక వరుస వీధిలోనికి సాగుననియు, రెండు మంచి పదునులు పడిన ఏడు యజమానియే పనివాండ్రకై ఊళ్ళవెంట తిరుగుననియు ఆయన చెప్పినమాట అక్షరాల నిజము.

లోపల మేనేజరు నన్ను చూచి "కూర్చో" అనెను. కూర్చుంటిని. ఆ వెనుక ప్రశ్నలు ప్రారంభమైనవి.

"ఐదేళ్ళ తర్వాత నువ్వు ఎక్కడుంటావు?"

"వాన పడితే ఊర్లో ఉంటా సార్, పడకుంటే ఈడ్నే."

సత్యమునకు ఇంతకంటె సంక్షిప్తమైన రూపము లేదు. ఐదు వారముల తరువాత చేను పచ్చగానుండునో ఎండిపోవునో చెప్పజాలని వంశమున పుట్టినవానిని ఐదేండ్ల భవిష్యత్తు అడుగుట న్యాయము కాదని నేను వాదింపవచ్చును. కాని ఉద్యోగమునకు వచ్చినవాడు వాదమునకు రాలేదు గనుక ఊరకుంటిని. ఆయన తన జేబులోని పెన్ను తీసి నా ముందుంచి, దానిని తనకే అమ్మి చూపుమనెను.

"ధర మీరే చెప్పండి సార్. మా ఇంట్లో అన్నీ అట్లనే అమ్ముతాం."

ఆయన నిర్ఘాంతపోయెను. నేను మాత్రము ఉన్నమాటయే చెప్పితిని. మా నాయన ఎన్నడును శెనక్కాయల మూటకు తాను ధర చెప్పి అమ్మినవాడు కాడు. చెప్పువాడు వ్యాపారి, తల యూపువాడు మా నాయన. పారిస్ నగరములో అరిస్టీడ్ బూసికో అను మహానుభావుడు 1852లో 'బోన్ మార్షే' అను దుకాణమున భాగస్వామియై, ప్రతి వస్తువునకును ధరచీటీ అంటించి, బేరమాడు పనిలేకుండ చేసినాడట. అమ్మువాడే ధర నిర్ణయించు ఆ విద్య ఫ్రాన్సునుండి బయలుదేరి భూమండలమంతయు చుట్టి, మా ఊరి బట్టల దుకాణము మూడవ అంతస్తు దాక ఎక్కివచ్చినది. మా చేనిగట్టుకు మాత్రము నేటికిని రాలేదు.

మరియొక దుకాణమున లోకజ్ఞానమును పరీక్షించిరి. ఈ వ్యసనమునకు మూలపురుషుడు థామస్ ఎడిసన్. ఆయన 1921లో ఉద్యోగార్థులకు సుమారు నూటయేబది ప్రశ్నలతో ఒక పత్రము తయారుచేయగా, వానిలో ఒకటైన శబ్దవేగమును పత్రికలవారు ఐన్‌స్టీన్‌ను అడిగిరట. పుస్తకములలో దొరకు సంగతులను తాను తలలో మోయనని ఆ మహనీయుడు తప్పుకొన్నాడట. నన్నడిగిన ప్రశ్న అంతకంటె చిక్కైనది: "పట్టుచీరల ధర్మవరం ఏ జిల్లాలో ఉంది?" 2022 ఏప్రిల్ 4వ తేదీన శ్రీ సత్యసాయి జిల్లా విడివడిపోవుటతో ధర్మవరము అందులోనికి పోయినది. "నిన్న మొన్నటిదాకా మాదే సార్" అంటిని. ఇట్టి ప్రత్యుత్తరము ఐన్‌స్టీన్ చెప్పిన విజ్ఞత యందురు. నేను చెప్పగా అజ్ఞానమనిరి.

ఉద్యోగమునకై బెంగుళూరు దాక పోగా, అచ్చటి దుకాణమున నన్ను నవ్వుమనిరి. పండ్లు కనబడునట్లును, చిగుళ్ళు కనబడనట్లును, చూచువారు వెళ్ళిపోవుదాక చెదరనట్లును నవ్వవలెనట. మా ఊరిలో కారణము లేక నవ్వువానిని పెద్దలు తాయెత్తు కట్టించుటకు తీసికొనిపోవుదురు. అచ్చట వానికి జీతమిత్తురు.

తుదకు మా పట్టణముననే ఒక దుకాణమువారు నన్ను స్వీకరించిరి. ఎట్లన, ప్రశ్నలన్నియు ముగిసి నేను తలుపు దాక నడచిన పిమ్మట, మేనేజరు ఏదో మరచినవానివలె వెనుకకు పిలిచి, "పొద్దున్నుంచి రాత్రి వరకు నిలబడగలవా?" అని అడిగెను. "నిలబడతా సార్" అంటిని. "రేపట్నుంచి రా" అనెను. ఐదేండ్ల భవిష్యత్తును, పెన్నును, చిరునవ్వును కాదని ఈ ఒక్క ప్రశ్నయే నన్ను గట్టెక్కించినది.

చీరల కౌంటరులో చేరిన తరువాత తెలిసివచ్చినదేమనగా, ఇంటర్వ్యూ ముగియలేదు. ప్రశ్నలడుగువారు మారిరి, అంతే. "ఇదే రంగులో వేరే రంగు చూపించప్పా" అని ఒక అవ్వ అడుగును. ఆమె భావము నాకర్థమగుటకు సగము పూట పట్టును. అర్థమైన పిమ్మట ఆ రంగు నిజముగానే స్టాకులో నుండును. ఒక కుటుంబమువారు అరలన్నియు దింపించి, చీరల గుట్ట వెనుక నేను కనబడకుండ పోయిన తరువాత, మొట్టమొదట చూపిన చీరనే కట్టించుకొని, "ముందే ఇది చూపించింటే పోలేదా?" అని నన్నే మందలించి పోదురు. ఇవన్నియు నవ్వుచు సహింపవచ్చును. సహింపరానివి కాళ్ళు. రాత్రి షట్టరు దించువేళకు అవి నావి కావు. తెల్లవారి వాపు తగ్గిన పిమ్మట తిరిగి నా అధీనమునకు వచ్చును.

ఒక మధ్యాహ్నము గిరాకి లేని వేళ అదే మేనేజరు నా ప్రక్కన నిలిచి, మోకాలు రుద్దుకొనుచు ఒక రహస్యమును బయటపెట్టెను: "నేను కూడా సేల్స్‌మేన్‌గానే చేరినాను. ఇంటర్వ్యూలు ఉన్న రోజే నాకు కుర్చీ." అప్పుడు నాకు సర్వమును బోధపడినది. పెన్ను అమ్మించుటయు, భవిష్యత్తు విచారించుటయు, ధర్మవరపు జిల్లాను అన్వేషించుటయు మమ్ము పరీక్షించుటకు కాదు. అడుగువాడు కాసేపు కూర్చుండుటకు. ఎన్ని ప్రశ్నలైన అన్ని నిమిషములు!

ఇది నేటి బాధయు, మా ఊరి బాధయు మాత్రమే కాదు. ఎమిల్ జోలా 1883లో ప్రకటించిన 'ఓ బొనేర్ దె దామ్' నవలలో డెనీస్ అను పల్లెపిల్ల పారిస్‌లోని బ్రహ్మాండమైన దుకాణమునకు ఉద్యోగమునకై వచ్చి, అచ్చటి అమ్మకపుపిల్లలు తన వేషమును చూచి ముసిముసి నవ్వులు నవ్వుచుండగా బెదరుచు నిలుచును. మన దక్షిణాది రాష్ట్రములు కొన్నింటిలో ఈ నిలుచుటను గూర్చి చట్టములే పుట్టినవి. కోళికోడులో బట్టల దుకాణముల పనికత్తెలు ఏండ్ల తరబడి అడిగినమీదట 2018లో కేరళమును, దాని వెనుక 2021లో తమిళనాడును దుకాణముల చట్టములను సవరించి, పనివారికి కూర్చుండుటకు ఆసనము ఏర్పరుపవలయునని విధించినవి. కూర్చుండుటకు శాసనసభ కావలసివచ్చినదన్నచో, నిలుచుట ఎంత గట్టి ఉద్యోగమో పాఠకులే గ్రహింతురు గాక.

కావున అమ్మలారా, అయ్యలారా, ఈ ఆషాఢమున మీరు ఎన్ని చీరలైనను దింపించుడు. మడతలు పెట్టుట మాకు అలవాటే. కౌంటరు వెనుక ఎవడైన పిల్లవాడు స్టూలుమీద కూర్చుండి కనబడినచో మర్యాద తెలియనివాడని మేనేజరును మాత్రము పిలువకుడు. కూర్చున్నవాడును చీర చూపగలడు. యజమానులకు నా మనవి ఇంకను చిన్నది: కౌంటరునకొకటి చొప్పున స్టూళ్ళు వేయించి, మేనేజరుగారికి కూడ ఒకటి వేయించుడు. మీ ఇంటర్వ్యూలలో ప్రశ్నలు వాటంతట అవియే సగమునకు తగ్గును.