బొంత కుట్టు బల్ల: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం:

బల్ల మిషను రెండు పైకొక్క మట్టమై
కూరుచున్న చేతి కొలత కెత్తు
కదలనట్టి కాళ్ళు ఘనమైన యెడమయు
నున్ననైన చెక్క నోముపంట!

అవతారిక: ఇంట్లో మిషను మీద బొంత కుట్టబూనిన వారికి అడ్డుపడేది మిషను కాదు, దాని కింది బల్ల. జాకెట్టు గుడ్డ ఒళ్ళో ఇముడుతుంది. డబుల్‌కాట్ బొంత అలా కాదు. పైన ముక్కలు కూర్చిన గుడ్డ, నడుమ దూది పొరో పాత చీరల మడతలో, అడుగున మరో గుడ్డ, మూడూ కలిసి బల్ల అంచు దిగి వేలాడతాయి. వేలాడే బరువు గుడ్డను తన వైపు లాగుతుంది, మిషను పళ్ళు తమ వైపు లాగుతాయి. ఆ తగువులో వంగేది సూది. వంగిన సూది ప్లేటుకు తగిలి విరుగుతుంది. విరగకపోతే కుట్లు ఒకచోట పొట్టిగా, ఒకచోట పొడుగ్గా పడతాయి. బొంతల కోసమే చేసి అమ్మే బల్లలు లేకపోలేదు గాని, వాటి ధర చాలాసార్లు మామూలు మిషను ధరను మించిపోతుంది. అందుచేత ఉన్న బల్లనో పాత సామాన్ల కొట్టులో దొరికిన బల్లనో దిద్దుకునే ఉపాయం కవి చెబుతున్నాడు.

ప్రతిపదార్థం (మల్లినాథసూరి పాటించిన అన్వయ మార్గంలో): బల్ల, మిషను రెండున్ = బల్ల పైభాగమూ మిషను పీఠమూ; పైకిన్ = పైన తడిమి చూస్తే; ఒక్క మట్టమై = ఒకే ఎత్తున ఉండి; కూరుచున్న చేతి కొలతకున్ = కుట్టే మనిషి కూర్చున్నప్పటి మోచేతి కొలతకు; ఎత్తు = సరిపడిన ఎత్తును; కదలనట్టి కాళ్ళు = ఊగని కాళ్ళను; ఘనమైన యెడమయున్ = ఎడమ వైపు విశాలమైన చోటును; నున్ననైన చెక్క = గుడ్డకు పట్టుకోని పైచెక్కను కలిగిన బల్ల; నోముపంట = దొరికినవారి అదృష్టం.

తాత్పర్యం: బొంత బరువును బల్ల మోయాలి, సూది మోయకూడదు.

ఇక వ్యాఖ్య. మట్టం మాట మొదటి పాదంలోనే రావడం ఔచిత్యం. (పాదమంటే ఇక్కడ పద్యపాదం, మిషను పాదం కాదు.) పాత తొక్కుడు మిషను బల్లకు ఈ గుణం పుట్టుకతోనే ఉంది. చెక్కలో కోసిన గుంటలో మిషను కూర్చుంటుంది, వెనుక రెండు కీలు మేకులు దాన్ని పట్టుకుంటాయి, పీఠం చెక్కతో సమంగా ఉంటుంది. నల్లరంగు ఇనుప మిషన్ల పీఠం చాలావాటికి ఒకే కొలత, సుమారు 14½ అంగుళాల పొడవు, 7 అంగుళాల వెడల్పు. అందుకే ఒక కంపెనీ స్టాండులో మరో కంపెనీ మిషను తరచుగా ఇమిడిపోతుంది. పెరట్లో తుప్పు పడుతున్న స్టాండును తూకానికి అమ్మేసే ముందు ఈ సంగతి తలచుకోవాలి.

చిక్కంతా కరెంటు మిషనుతోనే. బల్ల మీద పెడితే దాని పీఠం మూడు నాలుగు అంగుళాలు పైకి లేచి ఉంటుంది. బొంత ఆ గట్టెక్కి దిగవలసి వస్తుంది. దీనికి రెండు మార్గాలున్నాయి. ఒకటి కోత. మిషను అడుగును అట్టముక్క మీద గీసి, చుట్టూ పావు అంగుళం వదిలి, ఆ అట్ట ప్రకారం వడ్రంగి చేత బల్లకు గుంట కోయించాలి. కింద దళసరి ప్లైవుడ్ అరను నాలుగు పొడుగాటి బోల్టులతో వేలాడదీస్తే, నట్లు తిప్పుతూ మిషనును వెంట్రుకవాసి తేడా లేకుండా మట్టానికి తేవచ్చు. బాబిన్ ముందువైపు నుంచి వేసే మిషనైతే అక్కడ చెయ్యి దూరే సందు ఉంచాలి. ఉంచకపోతే దారం అయిపోయినప్పుడల్లా మిషనును బావిలోంచి చేదినట్టు పైకి తీయాలి. కోతకు ముందు బల్ల కింద అడ్డపట్టీ ఎక్కడుందో చూసుకోవాలి. దాన్ని కోస్తే బల్ల నడుము విరిచినట్టే.

రెండోది కోయకుండా చుట్టూ ఎత్తు పెంచడం. అద్దె ఇళ్ళకూ, అన్నాల బల్ల మీదే కుట్టేవారికీ ఇదే దారి. పీఠమంత ఎత్తుకు థర్మోకోల్ పలకలు దొంతిగా అంటించి, మిషను ఆకారానికి చాకుతో కోసి, పైన పల్చని సన్‌మైకా అంటిస్తే పని జరుగుతుంది. పని కాగానే మంచం కిందకు తోసేయవచ్చు.

ఇక్కడ ఒక ఆక్షేపం. అన్నాల బల్ల ఎత్తే సుమారు 30 అంగుళాలు, పైన మిషను పీఠం ఇంకో మూడున్నర. అప్పుడు రెండో పాదం భంగం కాదా? అవుతుంది. భుజాలు పైకి లేచిపోయి, గంటకే మెడ పట్టేస్తుంది. కనుక కుర్చీలో గట్టి దిండు వేసి మనిషిని లేపాలి, నేలకు అందని కాళ్ళ కింద పీట వేసి పెడలును ఆ పీట మీదికి ఎక్కించాలి. బల్ల కాళ్ళు కోయడం ఆఖరి ఉపాయం. కోసిన కాలు మళ్ళీ పెరగదు. కవి మోచెయ్యి అనక చెయ్యి అని ఊరుకున్నాడేమంటే, ఆటవెలది రెండో పాదంలో సూర్యగణాలకే చోటు. "మోచేతి" అన్న తగణం అక్కడ పట్టదు. గంగ మీద గొల్లపల్లె అంటే గట్టు మీద అని తెలుసుకున్నట్టే, ఇక్కడ చెయ్యంటే మోచెయ్యి అని లక్షణచేత గ్రహించాలి.

మూడో పాదంలో "కదలనట్టి గోడ" అని ఒక పాఠాంతరం కల్పించుకున్నా ఛందస్సు చెడదు, అర్థమూ బాగుపడుతుంది. బల్లను గోడకు ఆనిస్తే ఊపు తగ్గుతుంది, వెనుక బొంత జారిపడదు. మడత కాళ్ళ బల్ల మిషను వేగం పెరగగానే వణుకుతుంది. వెనుక కాళ్ళకు ఏటవాలుగా ఒక పట్టీ బిగిస్తే చాలావరకు నిలుస్తుంది. ఆఫీసుల నుంచి చవగ్గా వచ్చే కంప్యూటర్ బల్లల్లో చాలావరకు పొట్టు అదిమి చేసిన చెక్క. కోస్తే అంచు రాలుతుంది, స్క్రూ ఒకసారి ఊడితే మళ్ళీ పట్టదు. దాని కీబోర్డు అర మిషను బరువు ఆపలేదు. కంప్యూటర్ బల్ల కంటే ఇల్లు పడగొట్టిన చోట దొరికే పాత తలుపు మేలు, లోపల బోలుగా లేకపోతే.

ఎడమే ఎందుకు? ఇంటి మిషనుకు సూదికీ కుడి స్తంభానికీ మధ్య ఖాళీ ఆరేడు అంగుళాలే ఉంటుంది. కుడివైపు బొంతను చుట్టచుట్టి ఆ సందులో దూర్చాలి, మిగిలిందంతా ఎడమ వైపు పరుచుకుంటుంది. అందుకే నడిమి నుంచి అంచులకు కుట్టుకుంటూ పోతారు. సగానికి మించి బొంత ఆ సందులోకి రాదు. ఎడమ పక్కన ఇస్త్రీ బల్లను అదే ఎత్తుకు సర్దితే ఖర్చు లేకుండా ఘనత సిద్ధిస్తుంది.

నాలుగో పాదం తేలిక. చెక్కకు పేళ్ళుంటే ఉప్పుకాగితంతో రుద్ది, అంచులు గుండ్రం చేసి, మైనం పట్టించాలి. పేడు గుచ్చుకున్న పాతచీర జర్రున చిరుగుతుంది.

మరో ఆక్షేపం: అమ్మమ్మలు బల్లే లేకుండా చీరలు నేల మీద పరిచి, తలో మూల కూర్చుని చేతి కుట్టుతో బొంతలు కుట్టలేదా? కుట్టారు. పద్యంలో మిషను అన్న మాట ఉంది గనుక అది ఈ శాస్త్రానికి వెలుపలిది. మిషను బొంతకైనా పొరలు పరిచి పిన్నీసులు గుచ్చేది నేల మీదే.

చవక బల్ల అని చిన్నబోవడానికి ప్రమాణం లేదు. 1851లో ఐజాక్ సింగర్ పేటెంటు పొందిన మిషను ఏ చెక్కపెట్టెలో వచ్చేదో, కొన్నవారికి ఆ పెట్టే బల్ల.