దరఖాస్తు నాన్న

ఈయన్ని గుర్తుపట్టడం తేలిక. పుట్టినరోజు పార్టీల్లో అందరూ కేకు చుట్టూ మూగితే, కేకు తిన్న పిల్లాడి చేతులు ఎవరు కడుగుతున్నారో అక్కడ నిలబడతాడు. చంకలో పిల్లాడుండడు. భుజానికి మాత్రం డైపర్లు పట్టేంత సంచీ ఉంటుంది. అందులో ప్రస్తుతానికి జిరాక్సు కాయితాలూ, రెండొందల పేజీల నోటుబుక్కూ ఉన్నాయి. అపార్ట్‌మెంటులో ఏ పిల్ల ఎన్నింటికి పడుకుంటుందో ఈయనకు కంఠతా వచ్చు. మొదట్లో వాచ్‌మన్‌కి అనుమానం వచ్చింది. ఈయన భార్య వెళ్ళి, “దత్తతకి పెట్టుకున్నాం బాబూ, ఆయన నేర్చుకుంటున్నారు” అని చెప్పాక, ఆ వాచ్‌మనే తన రెండో కూతురికి పళ్ళొచ్చినప్పటి భాగోతం చెప్పడానికి పైకి రావడం మొదలెట్టాడు.

నాన్న కావడానికి అర్హత పరీక్ష రాసే జాతి ఇదొక్కటే. మిగతా మగవాళ్ళమంతా నేరుగా ఉద్యోగంలో చేరిపోయినవాళ్ళం. ఈయన మాత్రం దత్తతలు చూసే సర్కారు సంస్థ ‘కారా’ వారి పోర్టల్లో పేరు నమోదు చేసుకుని పాన్ కార్డు, పెళ్ళి సర్టిఫికెట్, ఆదాయానికి రుజువు, జబ్బుల్లేవని డాక్టరు కాయితం, మంచివాడేనని ఇద్దరు తెలిసినవాళ్ళ ఉత్తరాలు ఇచ్చుకున్నాడు. పెళ్ళి సంబంధాల్లో వయసుల తేడా చూస్తారు, ఇక్కడ కూడిక చూస్తారు. రెండేళ్ళలోపు పాప కావాలంటే భార్యాభర్తల వయసులు కలిపి 85 దాటకూడదు. ఆ కూడిక వేసుకున్న సాయంత్రం, “మనకి 83 వచ్చిందండీ!” అని అత్తగారికి ఫోన్ చేశాడు. ఆవిడ కాసేపు ఆగి, “మిగతా పదిహేడూ ఎందులో పోయాయి అల్లుడుగారూ?” అందట.

ఆ తర్వాత సోషల్ వర్కర్ ఇంటికొచ్చి హోమ్ స్టడీ చేసింది. బాల్కనీకి గ్రిల్ ఉందా, పగలు పాపని ఎవరు చూసుకుంటారు, మీకు కోపమొస్తే ఏం చేస్తారు, ఇద్దరూ పోట్లాడుకుంటే ముందు ఎవరు మాట్లాడతారు. ఆ నివేదిక మూడేళ్ళు చెల్లుతుంది. చిన్నపిల్ల కోసమైతే నిరీక్షణ చాలామందికి మూడేళ్ళు దాటుతోంది. అంటే, ఈయన తండ్రిగా పనికొస్తాడన్న కాయితానికి ఎక్స్‌పైరీ డేటు వచ్చేస్తుంది, ఈయన మాత్రం ఇంకా వరసలోనే ఉంటాడు. సర్కారువారు మళ్ళీ చూసి, ఇంకా చెడిపోలేదని ముద్ర వెయ్యాలి.

ఈ దెబ్బతో ఈయనకో జబ్బు పట్టుకుంది. ఎవరింటికెళ్ళినా చెప్పులు విప్పుతూనే మనసులో హోమ్ స్టడీ రాసేస్తాడు. మూడో అంతస్తు సాఫ్ట్‌వేర్ దంపతులు, “మా ఇంట్లో పిల్లలకి ఫోన్ అసలివ్వమండీ” అన్నారు. భక్తిగా రాసుకున్నాడు. ఎనిమిదింటికి భోజనాల వేళ మంచినీళ్ళ సీసాకి ఆనుకుని ఫోను వెలిసింది, పాట మోగింది, పిల్లాడు రెప్పవెయ్యకుండా నోరు తెరిచాడు, వాళ్ళమ్మ ఆ నోట్లో పప్పన్నం పెట్టింది. రాసిందాని పక్కన ‘భోజనం మినహా’ అని చేర్చాడు. తర్వాత ‘కారు మినహా’. ఆపైన ‘చుట్టాలొచ్చినప్పుడు మినహా’. నెలాఖరుకి మినహాయింపులకే ఓ పేజీ పోయింది. నాలుగో అంతస్తు తండ్రిగారు, పిల్లల మీద అరిస్తే వాళ్ళ మనసు ఎంత గాయపడుతుందో లిఫ్టులో మెత్తగా వివరించి, తలుపు తెరుచుకోగానే “ఒరేయ్! ఇంకో చెప్పేదిరా!” అని పెట్టిన కేకకి ఈయన నోటుబుక్కు జారవిడిచాడు.

అక్కణ్ణుంచే ఊరట మొదలైంది పాపం. తనని పరీక్షించిన ఆ అమ్మాయి ఈ బ్లాకంతా తిరిగితే ఒక్క ఇల్లూ పాసవదని తేల్చుకున్నాడు. సెల్లార్లో ఈనిన పిల్లి కాస్త శ్రద్ధగా పెంచుతోంది గానీ, పిల్లల్ని ఏడిళ్ళు మారుస్తుంది కాబట్టి దాన్నీ స్థిర నివాసం దగ్గర కొట్టేస్తారు.

నోటుబుక్కులో ఎడమ పేజీ బామ్మలది, కుడి పేజీ పిల్లల డాక్టరుది. మాటలు రావాలంటే నాలిక్కి వస రాయాలని ఎడమ పేజీ, వద్దని కుడి పేజీ. వేలితో తేనె నాకించమని ఎడమ, ఏడాది నిండేదాకా తేనె ఊసే ఎత్తొద్దని కుడి. కాళ్ళు చాపి వాటిమీద పాపని పడుకోబెట్టి లాల పోయడం బామ్మ దగ్గర సోరకాయతో సాధన చేశాడు. సోరకాయ ఏడవలేదని ధైర్యం వచ్చింది.

చుట్టాల సలహాలు రాసుకోడు. “పోర్టలూ గీర్టలూ ఎందుకురా, నాకో నర్సు తెలుసు” అని ఓ పిన్ని అంటే, పిల్లల్ని అమ్మినా కొన్నా ఐదేళ్ళ దాకా జైలు, లక్ష జరిమానా, అందులో ఆసుపత్రివాళ్ళుంటే ఏడేళ్ళ దాకా అని చట్టం అప్పజెప్పాడు. పిన్ని ఆ తర్వాత కాఫీ కూడా అడగలేదు. ఇప్పుడు దత్తత ఉత్తర్వు ఇచ్చేది కలెక్టరని, 2021లో చట్టం సవరించక ముందు కోర్టు ఇచ్చేదని తాతగారికి చెప్పాడు. ఆయన మాజీ కరణం. “జమాబందీలో తేలుస్తారా?” అన్నాడు.

వంతొచ్చినప్పుడు పాప ఫొటో, వివరాలు, వైద్య నివేదిక పోర్టల్లో కనిపిస్తాయి. 48 గంటల్లో సరేననాలి. అందుకని ఫోను స్నానాలగదిలోకి కూడా వెళుతుంది. ఓసారి మోగగానే ఎత్తి, “పాపా, బాబా?” అన్నాడు. “గోల్డ్ కార్డండీ” అంది అవతలి అమ్మాయి.

ఈయన నోటుబుక్కు బోర్లాపడింది మాత్రం కూకట్‌పల్లిలో, ఐదేళ్ళ పిల్లని తెచ్చుకుని పెంచుకుంటున్న వాళ్ళింట్లో. నిద్ర వేళలు అడుగుదామని గడులు గీసుకుని మరీ వెళ్ళాడు. ఆ తల్లి వంకాయలు తరుగుతూ, మొదటి నెలంతా పాప లైటార్పనివ్వలేదని, దిండు కింద చపాతీలు దాచుకునేదని చెప్పింది. “మరి మీరేం చేశారు?” అన్నాడు పెన్ను విప్పి. “ఏం చేస్తాం? ఓ డబ్బా ఇచ్చాం, చీమలు పట్టకుండా.” ఏ గడిలో రాయాలో తెలీక ఈయన పెన్ను మూశాడు. ఆర్నెల్లకోసారి, రెండేళ్ళపాటు అధికారులొచ్చి చూసి వెళ్ళేవారని, వాళ్ళొచ్చిన రోజే పాప గోడమీద పెన్సిలుతో ఏనుగుని గీసేదని తండ్రి చెప్పాడు. ఇంతలో ఆ పాపే వచ్చి ఈయన ఎదుట నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. పెంచుకున్న సంగతి వాళ్ళు మొదటినుంచీ దాచలేదు.

“నేను శిశుగృహ నుంచి వచ్చా. నువ్వెక్కణ్ణుంచి వచ్చావు?”

“తెనాలి నుంచి” అన్నాడు ఈయన.

“నిన్నెవరు తెచ్చుకున్నారు?”

ఇన్నాళ్ళ సాధనలో ఈ ప్రశ్న తగల్లేదు. ఈయన భార్యకేసి చూశాడు. ఆవిడ నోటుబుక్కు పట్టదు. ఏ ఇంటికెళ్ళినా కింద కూచుని పిల్లలతో ఆడుతుందంతే. “నేనే తెచ్చుకున్నానమ్మా. నాకైతే ఏ కాయితమూ చూడకుండా ఇచ్చేశారు” అంది. పాప ఈయన్ని ఎగాదిగా చూసి, హోమ్ స్టడీ ముగించి, గోడమీది ఏనుగుని చూపించడానికి చెయ్యి పట్టుకు తీసుకుపోయింది.

మీ బ్లాకులో ఇలాంటాయనుంటే తప్పించుకు తిరక్కండి. ఆదివారం పొద్దున్నే పిలిచి పిల్లాణ్ణి చేతికిచ్చి, మీరు నిశ్చింతగా తలంటుకోండి. డైపరు మారుస్తాడు, లాల పోస్తాడు, త్రేనుపు వచ్చేదాకా వీపు నిమురుతాడు, టైముతో సహా రాసిపెడతాడు. రెండోవాణ్ణి కూడా ఇవ్వొచ్చు. కాకపోతే ఫోను మోగితే మాత్రం ముందు పిల్లల్ని వెనక్కి తీసుకోండి.