‘బహిష్కరణ’ అనే మాటకు బహిరంగ లేఖ

బహిష్కరణా,

పత్రిక డెస్క్‌లో పనిచేసే నాకు రోజూ ఎదురవుతావు. ‘విధులు బహిష్కరించిన న్యాయవాదులు’, ‘సభను బహిష్కరించిన ప్రతిపక్షం’, ‘పార్టీ నుంచి బహిష్కరణ’, ‘రౌడీషీటర్‌కు నగర బహిష్కరణ’, ‘కుటుంబానికి గ్రామ బహిష్కరణ’. మొదటి రెండింట్లో ఉన్నవాళ్లు తమంతట తామే బయటికి నడిచారు. తక్కినవాళ్లను బయటికి నెట్టారు. ఇద్దరికీ నువ్వే. అందుకే ఈ ఉత్తరం.

నీ పుట్టుకలో తప్పు లేదు. బహిః అంటే బయట, కరణం అంటే చేయడం. ఎవరు, ఎవరిని, ఎందుకు అన్నది మాత్రం నీలో లేదు. మిగతా రంగాల్లో ఇలా కుదరదు. గుండె డాక్టరు ‘ఎజెక్షన్ ఫ్రాక్షన్’ అన్నాడంటే, ఎడమ జఠరికలో నిండిన రక్తంలో ఒక్కో స్పందనకు ఎంత శాతం బయటికి వెళ్తోందన్న లెక్క. యుద్ధవిమానంలో ‘ఎజెక్షన్ సీటు’ అంటే కూలిపోయే విమానంలోంచి పైలట్‌ను ప్రాణాలతో బయట పడేసేది. పూజ చివర పురోహితుడు ‘ఉద్వాసన’ చెప్పాడంటే, పిలుచుకున్న దేవుణ్ని మర్యాదగా సాగనంపడం. అద్దె తగాదాలో వకీలు ‘ఖాళీ చేయించడం’ అంటాడు. ఏది ఎక్కణ్నుంచి పోతోందో వినగానే తెలుస్తుంది.

నీకూ గొప్ప రోజులున్నాయి. 1921లో మునిసిపాలిటీ పన్నులకు ఎదురుతిరిగిన చీరాల–పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరు విడిచి, రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని పాకల్లో నెలల తరబడి కాపురమున్నారు. 1928లో సైమన్ కమిషన్ బహిష్కరణ నాడు మద్రాసులో టంగుటూరి ప్రకాశం తుపాకులకు రొమ్ము చూపారు. అప్పుడు నువ్వు బలహీనుడి చేతి ఆయుధానివి.

అదే పేరు బలవంతుడి చేతికీ దొరికింది. 1991లో గుంటూరు జిల్లా చుండూరులో దళితుల మీద ముందు ‘సాంఘిక బహిష్కరణ’ వచ్చింది. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు.

పోయిన వేసవిలో ఒక విలేకరి పంపిన వార్తలో ‘కుటుంబానికి గ్రామ బహిష్కరణ విధించారు’ అని ఒక్క ముక్కే ఉంది. ఫోన్ చేసి అసలేం జరిగిందని అడిగాను. పొలం గట్టు తగాదా. తీర్పు చెప్పింది ఐదుగురు పెద్దమనుషులు. ఆ ఇంటివాళ్లతో మాట్లాడితే ఐదువేలు జరిమానా అని రాత్రి డప్పు వేయించారు. తెల్లారి కిరాణా కొట్లో ఉప్పు పొట్లం ఇవ్వలేదు. ఆటో ఆగలేదు. బళ్లో ఆ ఇంటి పిల్ల పక్కన కూర్చునే నేస్తం లేచి వేరే బెంచీకి వెళ్లిపోయింది.

ఇదంతా నీ చాటున దాగిపోయింది. ‘గ్రామ’ అనడంతో ఐదుగురి పని ఊరందరిదీ అయింది. ‘విధించారు’ అనడంతో ఆ ఐదుగురికీ కోర్టు హోదా వచ్చింది. చట్టం లెక్క వేరు. 2016 జనవరిలో అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ఎస్సీ, ఎస్టీల మీద సాంఘిక, ఆర్థిక బహిష్కరణ పెట్టడమే కాదు, పెడతామని బెదిరించడమూ నేరమే. నేరం చేసినవాళ్లు శిక్ష ‘విధించారు’ అని మనం ఎలా రాస్తాం?

నిన్ను భాషలోంచి పొమ్మనను. కాదని తమంతట తాము లేచి వచ్చినవాళ్ల దగ్గర ఉండు. ఊళ్లో ఉంటూనే ఊరికి దూరమైనవాళ్ల కోసం తెలుగులో ‘వెలి’ అనే మాట ముందునుంచీ ఉంది. అందులోని నొప్పి చదవడం రానివాళ్లకు కూడా తెలుసు.

తోటి విలేకరులకు, డెస్క్ మిత్రులకు నా విన్నపం ఒక్కటే. ఇకనుంచి ‘గ్రామ బహిష్కరణ విధించారు’ అని రాయకండి. ‘ఫలానా ఐదుగురు ఈ కుటుంబాన్ని వెలివేశారు’ అని రాయండి. ఆ ఉప్పు పొట్లం సంగతీ రాయండి.

ఇట్లు,
ఒక ఉప సంపాదకుడు