మేస్త్రీ వాక్యం: టీకా తాత్పర్య సహితం

మూలం (ఆటవెలది)

కిటికి చుట్టు సందు గీతంతయే కదా
పూత వేయ నంత పోవు సారు
చలికి ముందె డబ్బు సాంతంబు నిచ్చిన
మరల వత్తు నేను మాట యిదియె

అవతారిక: ఇంగ్లండులో నూరేళ్ళ నాటి ఇటుక ఇల్లు కొన్న ఒక తెలుగు గృహస్థు గోడలకు లోపలివైపున ఇన్సులేషన్ వేయించాడు. గోడల వరకు పని బాగానే సాగింది. కిటికీల దగ్గర మాత్రం, ఫ్రేము నుంచి గదిలోకి తిరిగే గోడ మందం, అంటే రెండు పక్కలూ పైభాగమూ కింది గట్టూ, అక్కడివాళ్ళు రివీల్స్ అనేవి, బోసిగా మిగిలిపోయాయి. ‘వీటి సంగతేమిటి?’ అన్న ప్రశ్నకు మేస్త్రీ ఇచ్చిన సమాధానమే ఈ పద్యం. ఆయన చెప్పింది ఆంగ్లంలోనే. ఛందస్సు గృహస్థు కడుపుమంటది.

ప్రతిపదార్థం: కిటికి చుట్టు సందు = ఫ్రేముకూ ఇటుకకూ నడుమ ఫోము నింపవలసిన ఖాళీ; గీతంతయే కదా = చెప్పినప్పుడు గీతంత, కొలిచినప్పుడు వేలంత; పూత వేయన్ = పైన ప్లాస్టరు మెత్తగా; అంత పోవు = మొత్తం పోతుంది; సారు = ఇంకా బాకీ ఉన్నవాడా; చలికి ముందె = లోపం బయటపడక మునుపే; సాంతంబు = ఆఖరి పెన్నీతో సహా; మరల వత్తు నేను = ఇందులో కర్త ఉన్నాడు, క్రియ ఉంది, తేదీ లేదు.

‘పోవు’ అన్నచోట వ్యాఖ్యాతలకు పడదు. పోయేది సందు అని మేస్త్రీ మతం. పోయేది వేడి అని భౌతికశాస్త్ర మతం. సందు ప్లాస్టరు వెనక క్షేమంగానే ఉంటుంది కనుక రెండోదే నిలుస్తుంది.

పూర్వపక్షం: గోడంతా కప్పాక ఈ నాలుగంగుళాల అంచు ఎంత? దానికింత గొడవా?

సిద్ధాంతం: గోడ కప్పాం కాబట్టే గొడవ. కప్పిన చోట దారి మూసుకుపోయిన వేడి, కప్పని అంచు గుండా బయటికి నడుస్తుంది. ఆ అంచు గదిలోకెల్లా చల్లని చోటుగా మిగులుతుంది. గదిలో 20 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉన్నాయనుకోండి. 12 డిగ్రీలకు దిగిన చోట నీరు చెమరుస్తుంది. బూజు అంతదాకా కూడా ఆగదు. గోడను ఆనుకున్న గాలిలో తేమ 80 శాతానికి చేరితే దానికి చాలు, అంటే గోడ 15 డిగ్రీలకు దిగితే చాలు. జనవరిలో బోసి ఇటుకకు అదేమంత కష్టం కాదు. పైగా వంటింట్లో ఇడ్లీ ఆవిరి, హాల్లో రేడియేటరు మీద ఆరేసిన బట్టలు. నల్లమచ్చలు రాగానే మేస్త్రీ ‘మీరు కిటికీలు తెరవరు’ అంటాడు. వేలు పోసి వెచ్చన చేయించుకున్న ఇంటికి ఇదీ ఆయన చెప్పే చికిత్స.

అసలు చికిత్స వేరు. కిటికీ ఫ్రేము వెడల్పు తక్కువ గనక అక్కడ మందమైన బోర్డు పట్టదు. పాత ప్లాస్టరు చెక్కేస్తే కొంత చోటు దొరుకుతుంది. దుమ్మురేగే ఆ పని ఏ మేస్త్రీకీ గిట్టదు. పాలీఐసోసయనురేట్ బోర్డు 20 మిల్లీమీటర్లది పట్టినా, వేడిని ఆపడంలో అది సుమారు 700 మిల్లీమీటర్ల ఇటుక గోడకు సమానం. ముందు సందులో ఫోము నింపాలి, ఫ్రేము అంచున గాలి చొరని టేపు అంటించాలి, తర్వాత బోర్డు, చివర ప్లాస్టరు. బోర్డు వెనక జిగురు నాలుగు ముద్దలుగా పెడితే ఆ ముద్దల మధ్య చలిగాలి షికారు చేస్తుంది. కాబట్టి అంచుల పొడవునా తెగకుండా పెట్టాలి.

ప్రమాణం: గాలి తోలే రోజున దేవుడి దగ్గరి అగరుబత్తి తెచ్చి ఫ్రేము చుట్టూ తిప్పితే ప్రత్యక్ష ప్రమాణం. పొగ వంగిన చోట మేస్త్రీ మాట అబద్ధం. ఇది ఒక్క మేస్త్రీ పాపమనుకోవడం కూడా పొరపాటు. ప్రభుత్వ పథకాల కింద గోడలకు బయటివైపున ఇన్సులేషన్ వేసిన ఇళ్ళలో 98 శాతానికి సరిచేయక తప్పని పెద్ద లోపాలున్నాయని 2025 అక్టోబరులో బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం తేల్చింది. అవి 22,000కు పైగా ఇళ్ళు.

పద్యానికి ప్రాణం మూడో పాదమని నా అభిప్రాయం. మిగతా మూడూ దీనికి పీఠిక. ప్లాస్టరు వేయకముందు ప్రతి కిటికీకీ ఫొటో తీయనివ్వాలనీ, కొంత సొమ్ము ఒక చలికాలం గడిచాకే ఇస్తాననీ ఒప్పందంలో రాయించుకున్నవాడికి ఈ పద్యం వినవలసిన అవసరమే రాదు. రాయించుకోనివాడికి 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ఉంది. పని తగిన శ్రద్ధతో, నైపుణ్యంతో జరగకపోతే అదనపు ఖర్చు లేకుండా మళ్ళీ చేయమనవచ్చు. అది కుదరకపోతే, లేక తగిన గడువులో చేయకపోతే, ధర తగ్గించమనవచ్చు. ఫోనులో కాదు, రాతపూర్వకంగా, ఫొటోలతో, గడువు పెట్టి అడగాలి. అప్పటికీ కదలకపోతే 10,000 పౌండ్ల లోపు తగాదాలకు చిన్న దావాల కోర్టు ఉంది.

పాఠభేదం: నాలుగో పాదం అన్ని ప్రతులలోనూ లేదు. ఫోను ఎత్తని మేస్త్రీల శాఖవారు దానిని ప్రక్షిప్తమంటారు.