గరికకి పట్టిన యోగం

మా నాన్న నాకు రెండున్నర ఎకరాల మెట్టచేనూ, అందులో గరికా అప్పజెప్పి పోయాడు. చేను కరిగి ఎకరన్నర అయింది గానీ గరిక తగ్గలేదు. నడివేసవిలో దుక్కి దున్నించి, వేళ్లు ఏరించి, కుప్పేసి తగలబెట్టినా తొలకరికి మళ్లీ లేచేది. ముక్కలు చేస్తే ముక్కకో మొక్క. ప్రకాశం జిల్లాలో నా ఈడు రైతుని ఎవర్ని కదిపినా ఈ పగే చెబుతాడు.

అలాంటివాణ్ని జూన్‌లో అట్లాంటా శివార్లలో కొడుకింట దిగి వెనక తలుపు తీద్దును కదా, కనుచూపు మేరా గరిక!

"గోల్ఫ్ కోర్సు నాన్నా. బెర్ముడా గ్రాస్," అన్నాడు మావాడు, తనే నాటినట్టు.

వంగి ఒక తీగ పీకి కణుపు చూశాను. పేరు మార్చుకుంటే పోలిక పోతుందా?

అచ్చంగా మనది కాదట. మన గరికకీ ఆఫ్రికా గరికకీ సంకరం. ఈ అట్లాంటా ఉన్న జార్జియా రాష్ట్రంలోనే, టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త 1960లో ఇచ్చిన టిఫ్‌వే రకం. గింజ పట్టదు, తీగలే నాటాలి. ఆ బర్టన్ సృష్టించిన సజ్జ వంగడంతోనే 1965లో మన దేశపు తొలి హైబ్రిడ్ సజ్జ హెచ్‌బి-1 తయారైంది. తర్వాత దాన్ని వెర్రికంకి తెగులు తినేసింది, అది వేరే ఏడుపు. మొత్తానికి మాకు సజ్జలిచ్చిన చేత్తోనే వీళ్లకి గరిక ఇచ్చాడా మహానుభావుడు.

పొద్దున్నే కాఫీ గ్లాసుతో కూర్చుని ఆ సేద్యం చూడటమే నా ఉద్యోగం. జెండా పాతిన చోటుని గ్రీన్ అంటారు. అక్కడ గడ్డిని రోజూ మూడు మిల్లీమీటర్లకి కోస్తారు. మా ఊరి గొర్రెలు పోటీపడి మేసినా అంత కురచగా మేయలేవు.

జులైలో ఒక సోమవారం ఆట ఆపేసి, ఆ పట్టులాంటి గ్రీన్ మీదికి ఓ యంత్రాన్ని తోలారు. దాని కింద బోలు మేకులు. టకటకమని దిగి, వేలెడేసి మట్టి కడ్డీలు పైకి లాగి పడేస్తున్నాయి. వడియాలు ఆరబోసినట్టుంది. తొక్కిడికి నేల గట్టిపడితే వేళ్లకి గాలాడదు కాబట్టి ఈ బెజ్జాలు. కడ్డీలు ఊడ్చేసి, ఇసక చల్లి, బ్రష్షులతో బెజ్జాల్లోకి దింపారు. రెండు వారాల పాటు ఆడేవాళ్లంతా గొణుగుడే. బంతి గతుకుల్లో ఎగురుతోందట. దుక్కి దున్నిన చేలో పరుగుపందెం పెట్టుకుంటే అంతే మరి.

ఊరికే కూర్చోలేక కోడలి పూలమడిలోకి పాకిన గరికని రోజుకింత పీకేవాణ్ని. వినాయక చవితి ముందురోజు అడిగింది: "మామయ్యగారూ, పూజకి ఇరవయ్యొక్క గరిక పోచలు కావాలి."

మడిలో ఒక్క పోచ లేదు. నా పనితనం అలాంటిది.

తెల్లారకముందే కోర్సు అంచుకి వెళ్లి కూర్చుని, పదిహేడు పోచలు తెంపాను. గడ్డి కోసే బండి వచ్చి పక్కనే ఆగింది. నడిపేవాడు దిగి నా చేతిలో కట్టని చూశాడు, నన్ను చూశాడు. "గాడ్... గణేశా," అన్నాను దండం పెడుతూ. అతను టోపీ తీసి గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని, బండెక్కి వెళ్లిపోయాడు.

గెలిచొచ్చినవాడిలా ఇంటికొస్తే, "దానికి ఏవేవో మందులు కొడతారు మామయ్యగారూ!" అని కోడలు పారేయించింది. చివరికి ఇండియన్ స్టోర్లో పొట్లం కొన్నాం. జన్మలో గరికకి డబ్బివ్వడం అదే మొదలు.

నవంబరులో మంచు గడ్డకట్టి ఫెయిర్‌వేలని పిలిచే ఆ పొడుగాటి పచ్చిక బయళ్లన్నీ ఎండుగడ్డి రంగుకి తిరిగాయి. హమ్మయ్య, చచ్చిందనుకున్నాను. చావలేదట, నిద్రట. నిద్రపోయేదాన్నన్నా వదిలారా, ట్యాంకుతో ఆకుపచ్చ రంగు పిచికారీ చేశారు! మేం కనుమకి ఎద్దు కొమ్ములకి రంగులేస్తాం. ఎద్దన్నా ఏడాదంతా చాకిరీ చేసింది.

తిరుగు ప్రయాణానికి రెండ్రోజుల ముందు ఊరి నుంచి మేనల్లుడి ఫోన్.

"మామా, చేనంతా గరిక పట్టింది. ఏం చేయమంటావ్?"

"ఎన్ని మిల్లీమీటర్లుంది?" అన్నాను.

అవతల కాసేపు మాట లేదు.