బాబాయి గారి ఎస్టేటు

పొద్దున్న ఆరున్నరకి మా బాబాయి కారు తాళం సగం తిప్పి ఆగుతాడు. ఆయనతోపాటు వీధి కూడా ఆగుతుంది. ఎదురింటి టీచరమ్మ గారు దండెం మీది చీరలు గబగబా లాగేసుకుంటారు. పక్కింటి తాతగారు చదువుతున్న పేపరు మడిచి ముక్కుకి అడ్డం పెట్టుకుంటారు. మీటరు బోర్డు మీద హీటరు దీపం ఆరేదాకా సెల్ఫ్ కొట్టకూడదు. డీజిల్ ఇంజన్లో స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి కాబట్టి, చల్లబడ్డ ఇంజన్ని ముందు హీటరు ప్లగ్గులు కాస్త వెచ్చబెడతాయి. అది చలి రోజుల మాట. బాబాయి రోళ్ళు పగిలే రోహిణి కార్తెలోనూ అంతే శ్రద్ధగా ఆగుతాడు. "పెద్దవాళ్ళని అదరగొట్టి నిద్రలేపుతామట్రా?" అంటాడు.

ఆ తర్వాత సెల్ఫ్. ఒక దగ్గు, ఇంకో దగ్గు, ఆ పైన గిన్నెల అలమర మెట్ల మీంచి దొర్లినట్టు చప్పుడు, దాని వెనకాల పొగ. పొగ రంగు చూసి ఆయన ఆనాటి ఫలం చెబుతాడు. నలుపైతే డీజిల్ ఎక్కువ తాగుతోంది. నీలమైతే ఇంజన్ ఆయిలు మండుతోంది. తెలుపైతే, "ఏం లేదు, మంచు." విజయవాడలో, మే నెలలో.

ఇలాంటివాళ్ళు ఊరికి ఒకరిద్దరు ఉంటారు. గుర్తుపట్టడం సులువు. కుడిచేతి చూపుడువేలి గోటి కింద ఏ సబ్బుకీ పోని నలుపు. జేబులో రుమాలు బదులు పాత బనీను ముక్క. ఎవరింటికైనా వెళ్ళి తిరిగి వచ్చేటప్పుడు, సాగనంపడానికొచ్చినవాళ్ళకి వెళ్ళొస్తామని చెప్పేముందు వంగి కారు కింద నేల చూస్తారు. ఆయిలు చుక్క పడితే ఒక బాధ. పడకపోతే అంతకంటే పెద్ద బాధ, అసలు ఆయిలు ఉందో లేదోనని.

బాబాయి బండి టాటా ఎస్టేట్. 1991లో సియెర్రా వచ్చింది, మరుసటేడు ఇది. రెండింటికీ ఒకే 1948 సీసీ డీజిల్ ఇంజను. అప్పట్లో కంపెనీ పేరు టెల్కో. 2003లో టాటా మోటార్స్ అయింది గానీ బాబాయి ఆ మార్పుని ఇంతవరకు ఆమోదించలేదు. మన జనం కూడా ఈ రకం బండిని ఆమోదించలేదు. మనకి కారంటే వెనక డిక్కీ పొడుచుకొచ్చి ఉండాలి. పైకప్పు తిన్నగా వెనకదాకా సాగిపోతే అది వ్యానో అంబులెన్సో అని లెక్క. తర్వాత ఇంకో కంపెనీ బలేనో ఆల్టురా తెచ్చింది, టాటావాళ్ళే ఇండిగో మెరీనా తెచ్చారు. అవీ నిలవలేదు. మా బాబాయి మాత్రం 1994లో కొన్నవాడు, ఇంకా అందులోనే తిరుగుతున్నాడు.

అసలు ఆ పేరుతోనే ఒకసారి ముప్పు వచ్చింది. మా తమ్ముడికి సంబంధాలు చూసేటప్పుడు మధ్యవర్తి "వాళ్ళకి ఎస్టేటు కూడా ఉందండీ" అన్నాడట. పిల్ల తండ్రి అరకులో కాఫీ తోట అనుకున్నాడు. తీరా వచ్చి చూస్తే ఎస్టేటు గుమ్మం ముందు, నాలుగు చక్రాల మీద ఉంది. అయినా పెళ్ళయింది. సారె బిందెలు, లడ్డూల గంపలు, మడత మంచం, కొత్త కోడలు, అన్నీ వెనక సీటు మడిచిన ఆ బండిలోనే వచ్చాయి. కోడలు సీటు మీదే కూర్చుందని బాబాయి, కాదు గంపల మధ్య కూర్చుందని కోడలు.

డీజిల్ కారు కొన్నది ఆదా కోసం. అప్పుడు డీజిల్ పెట్రోలు కంటే చాలా చౌక. మొదటి రోజు నుంచీ పోయించిన ప్రతి లీటరూ ఒక నల్ల అట్ట పుస్తకంలో ఎక్కుతోంది, పెట్రోలు కారైతే ఎంతయ్యేది, ఎంత మిగిలింది అన్న లెక్కతో సహా. 2014 అక్టోబరులో కేంద్రం డీజిల్ ధర మీద అదుపు ఎత్తేశాక ఆ మిగులు సన్నబడుతూ వచ్చింది. పుస్తకం రెండో చివర నుంచి మా పిన్ని ఇంకో లెక్క రాస్తోంది. రేడియేటరు, క్లచ్చు ప్లేటు, టింకరింగు, మళ్ళీ రేడియేటరు. రెండు లెక్కలూ ఒకదానికొకటి ఎదురొస్తున్నాయి. ఇంకో పది పేజీల్లో ఢీకొంటాయి.

బాబాయి ముందు బండిని తప్పు పట్టకూడదు. వైర్లు తెగితే తప్పు ఎలుకది. ప్రకాశం బ్యారేజీ నడిమధ్యన ఆగిపోతే తప్పు నాది, అంతకుముందే డోరు గట్టిగా వేశానట. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ అంటే, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే అంది. ఆనాటి నుంచి ఢిల్లీలో ఉన్న కూతురింటికి వెళ్ళడం మానేశాడు. "పెద్దవాళ్ళకి విలువలేని ఊళ్ళో మనకేం పని?" అంటాడు. ఎప్పుడూ రైల్లోనే వెళ్ళేవాడని ఎవరూ గుర్తు చెయ్యరు. ఇక్కడ మాత్రం పదిహేనేళ్ళు దాటాక అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగింపు, గ్రీన్ టాక్సు. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, బండికి నిమ్మకాయ కట్టి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు పదో తరగతి పిల్లాడిలా నిలబడతాడు.

ఆయన్ని నిజంగా చూడాలంటే ఆటోనగర్లో చూడాలి. ఓసారి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. చేతిలో నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ. భోజనం అనుకున్నాను. పంపు మేస్త్రి ముందు విప్పితే గిన్నెకొక నాజిల్, సిలిండరు వరస తప్పకుండా, కింది గిన్నెలో ఒకటో నంబరు. మేస్త్రి ఒక్కొక్కటీ మిషనుకి బిగించి లీవరు నొక్కుతున్నాడు. నాజిల్ కొస నుంచి డీజిల్ ధారగా కారకూడదు, పొగమంచులా విచ్చుకోవాలి. మొదటి మూడూ విచ్చుకున్నాయి. నాలుగోది చుక్కలు చుక్కలుగా కారింది. బాబాయి ముఖం పిల్లాడి ఎక్స్‌రే చూస్తున్న తండ్రి ముఖంలా అయిపోయింది. మేస్త్రి దాన్ని తుడిచి, మళ్ళీ బిగించి నొక్కాడు. తుస్సుమని సన్నగా పొగమంచు. "విన్నావట్రా, ఆ చప్పుడు!" అన్నాడు బాబాయి. ఆ క్యారేజీలో మా ఇంట్లో మళ్ళీ ఎవరూ పులిహోర పట్టుకెళ్ళలేదు.

మొన్న సంక్రాంతికి హైదరాబాదు నుంచి పాత బండ్లు కొనే కుర్రాడొకడు వచ్చాడు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, బాబాయి కొన్నప్పుడు పెట్టినదానికి దరిదాపుల్లో ధర చెప్పాడు. పిన్ని వెంటనే కాఫీకి లోపలికి వెళ్ళింది. బాబాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"బాబూ, ఆయిలు కారుతుంది. రెండో గేరు పడదు, పడితే రాదు. ఎడమ వెనక తలుపు బయట నుంచే తీయాలి. ఏసీ 2003 నుంచి లేదు. వానొస్తే కాళ్ళ దగ్గర నీళ్ళు. వెనక అద్దం పగిలితే దేశంలో దొరకదు. హెడ్డు రెండుసార్లు ఊడదీశాం. ఛాసిస్‌కి తుప్పు, చూపిస్తాను, వంగు..."

కుర్రాడు వంగాడు, లేచాడు, ఫోనొచ్చిందన్నాడు, వెళ్ళిపోయాడు.

పిన్ని కాఫీ పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఉంది. "అయితే ఇవన్నీ మీకు తెలుసన్నమాట!"

"ఎవరన్నారు?" అన్నాడు బాబాయి, బనీను ముక్కతో బానెట్టు తుడుస్తూ. "మెల్లిగా మాట్లాడు. అది వింటుంది."