మామయ్య మళ్లీ మానేశాడు

రాజమండ్రిలో ఒక మేనమామ ఉన్నాడు. చిత్రకారుడు. ఈ సంక్రాంతి వెళ్లిన వారానికి ఆయన ఫేస్‌బుక్ మానేశాడు. ఇది ఐదోసారి.

సిగరెట్టు మానేసేవాడు పెట్టె అవతల పారేసి ఊరుకుంటాడు. మామయ్య అలా కాదు, మానేస్తున్నానని ముందు అక్కడే రాస్తాడు. "ఈ సంతలో కళకు చోటు లేదు, సెలవు" అని రాసి, కింద కుంచెతో చేసిన సంతకాన్ని ఫొటో తీసి మరీ పెడతాడు. ఆ తర్వాత భోజనానికి కూర్చుంటాడు. కుడిచేత్తో పప్పన్నం, ఎడంచేత్తో ఫోను. తను వెళ్లిపోతుంటే ఎంతమంది బాధపడుతున్నారో చూసుకోవాలి కదా! పోయినసారి 112 మంది బాధపడ్డారు. ఆయన వేసిన ఏ బొమ్మకూ అంతమంది సంతోషపడలేదు. ఆ లెక్క చూసి మనసు విరిగి, విరిగిన సంగతి నలుగురికీ చెప్పడానికి తొమ్మిదో రోజున తిరిగొచ్చాడు.

ఇది ఒక్క ఇంటి గొడవే అయితే అత్తయ్య చూసుకునేది. కానీ కుంచె పట్టినవాళ్లలో ఈ జాతి పెద్దదే. మీ ఊళ్లోనూ ఒకాయన ఉండే ఉంటాడు. చొక్కా జేబుకు నీలిరంగు మరక, నోట్లో "నాకీ లైకులూ గీకులూ పట్టవండీ" అనే మాట. ఆ మాట అంటున్నంతసేపూ బొటనవేలు తెర మీద కిందికి లాగుతూనే ఉంటుంది.

మామయ్య అక్కడికి సరదాగా వెళ్లలేదు. ఆయనది పత్రికల బొమ్మ. ముప్పై ఏళ్లు కథలకు బొమ్మలేసి పిల్లను చదివించాడు. ఖాకీ కవరులో కథ వచ్చేది; రెండుసార్లు చదివి, ఇండియన్ ఇంకుతో బొమ్మ వేసి, మూడోనాడు పోస్టు చేసేవాడు. ఆ రోజుల్లో కథానాయికలు ఎక్కువగా కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేవారు. వారానికి రెండు కిటికీలు వేసిన కాలం ఉందట. తర్వాత పత్రికలు సన్నబడ్డాయి, కోవిడ్ దెబ్బకు కొన్ని పడుకున్నాయి. 1978లో మొదలైన చతుర, విపుల 2021లో ఆగిపోయాయి. కిటికీ దగ్గర నిలబడ్డ అమ్మాయిలకు చిరునామా లేకుండా పోయింది. "నాన్నా, ఇప్పుడు అందరూ ఫోన్లోనే చూస్తున్నారు" అని కూతురు హైదరాబాదు నుంచి వచ్చి రెండు యాపులు వేసి, పాస్‌వర్డు క్యాలెండరు వెనక రాసిపెట్టి వెళ్లింది.

పత్రికల్లో ఉన్నప్పుడు మాత్రం ఆయన్ను నెత్తిన పెట్టుకున్నారా అంటే, లేదు. ఉత్తరాల శీర్షికలో పొగడ్తంతా కథకే. బొమ్మ ఊసెత్తింది మొత్తం మీద ఒక్కసారి. తెనాలి నుంచి ఎవరో పాఠకుడు "కథ తేలిపోయింది గానీ బొమ్మ బాగుంది" అని రాశాడు. ఆ ముక్క కత్తిరించి, లామినేషన్ చేయించి, బీరువాలో పట్టుచీరల కింద దాచాడు. అత్తయ్య పెళ్లి ఫొటోకు ఇంకా లామినేషన్ కాలేదు.

ఆ తెనాలి మనిషి కార్డు కొని, రాసి, డబ్బాలో వేశాడంటే అంత కష్టపడ్డాడనేది మామయ్య లెక్క. ఇప్పటి మెప్పుకు వేలు ఆడిస్తే చాలు. అందుకే వచ్చిన ప్రతి లైకునూ పుట్టుపూర్వోత్తరాలతో సహా విచారిస్తాడు. రిటైరైన బ్యాంకు ఆఫీసరు కొట్టాడు, కానీ ఆయన చావు కబుర్లకూ కొడతాడు, లెక్కలోకి రాదు. బావమరిది కొట్టాడు, అప్పు అడగబోతున్నాడు. కాకినాడలో ఇంకో చిత్రకారుడున్నాడు, ఆయన చూసి కూడా కొట్టలేదు. చూశాడనడానికి రుజువు? అదే సమయానికి ఇంకెవరిదో బొమ్మకు కొట్టాడు. ఇంత పరిశోధన చేసి చివరికి "అయినా నాకెందుకురా ఇవన్నీ" అంటాడు.

బొమ్మ పెట్టడమే ఒక తంతు. నీటిరంగు బొమ్మను ఎండలో తీస్తే వెలిసిపోతుంది, గదిలో తీస్తే పసుపు నారింజవుతుంది. కాబట్టి ఉదయం ఏడు గంటలకు డాబా మీద, నీళ్ల ట్యాంకు నీడలో తియ్యాలి. అత్తయ్య తెల్ల దుప్పటి ఎత్తి పట్టుకోవాలి, వెలుగు అటు నుంచి తట్టడానికి. ఆయన ఫోను నీడ పడకుండా వంగి, తన తల నీడ పడకుండా మళ్లీ వంగి, ఊపిరి బిగబట్టి నొక్కుతాడు. పదకొండు ఫొటోలు. పదకొండింటిలోనూ ఒక మూల అత్తయ్య కాలి మట్టె మెరుస్తూ ఉంటుంది. "ఏవండీ, ఇడ్లీ దించాలి" అని ఆవిడ, "కదలకు, ఆకాశం వస్తోంది" అని ఈయన.

ఇంతా చేస్తే ఆ ఆకాశం తెరలో పట్టదు. మామయ్య వేసేది గోదావరి. 1900 నుంచి 1997 దాకా రైళ్లు మోసిన హేవలాక్ వంతెనకు 56 స్పాన్లు. ఆయన ఒక్కటీ వదలడు. గోదావరి అడ్డంగా ఉంటుంది, ఫోను నిలువుగా ఉంటుంది, ఇక మాట్లాడేదేముంది! 2010లో ఇన్‌స్టాగ్రామ్ వచ్చినప్పుడు ఏ బొమ్మైనా చతురస్రంలో ఇమడాల్సిందే. 2015లో అడ్డం, నిలువు కూడా సరేనన్నారు. 2025 జనవరిలో ప్రొఫైల్లో గడులను నిలువుగా సాగదీశారు. చతురస్రాల లెక్కన వరసలు పేర్చుకున్నవాళ్లందరి గోడలూ ఒక్కపూటలో చెదిరాయి. వాటర్ కలర్ కాగితం మాత్రం ఇప్పటికీ కొట్లో ఎప్పటి కొలతకే దొరుకుతోంది. చివరికి మామయ్య వంతెనను మూడు ముక్కలుగా పెట్టాడు. మొదటి ముక్కకు 40 లైకులు, రెండోదానికి 22, మూడోదానికి 9. "జనం అవతలి ఒడ్డుకు, కొవ్వూరు దాకా రావడం లేదురా" అన్నాడు దిగులుగా.

వీడియో సంగతి మరీ ఘోరం. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌ను నిషేధించింది. పది రోజులు తిరక్కుండానే ఇన్‌స్టాగ్రామ్ మనదేశంలో రీల్స్ మొదలుపెట్టింది. అప్పటి నుంచి బొమ్మ వేస్తే సరిపోవడం లేదు, వేస్తుండగా కనపడాలి. కూతురు స్టాండు కొంటానంది గానీ మామయ్య వద్దన్నాడు. కందిపప్పు డబ్బా మీద మినప్పప్పు డబ్బా, దాని మీద పంచదార డబ్బా, పైన ఫోను. తడి కాగితం మీద రంగు వదిలి, అది పాకుతుంటే చూడటం ఆయన విద్య. ఆ పాకేది కనపడాల్సిన చోట నలభై నిమిషాలూ ఆయన బట్టతలే కనపడింది. చివర్లో వీధి పిల్లి వచ్చి, రంగులు కడిగిన గ్లాసులో మూతి పెట్టి, నచ్చక, కాగితం మీదుగా నడిచిపోయింది. ఆ పావు నిమిషం ముక్కనే కూతురు తెలివిగా కత్తిరించి పెట్టింది.

అది జనంలోకి వెళ్లింది. "పిల్లి పేరేంటి అంకుల్?" అని అరవైమంది అడిగారు. మామయ్య రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. పై వారం ఒక కొత్త బొమ్మ పెట్టాడు. పుష్కరాల రేవు, మెట్లు, మెట్ల మీద ఎండ, ఆ ఎండలో... పిల్లి. "కూర్పులో ఆ మూల బరువు కావలసి వచ్చింది" అని తనే సంజాయిషీ ఇచ్చాడు. ఎవరూ అడగలేదు.

ఒకనాడు ఆయన గోదావరి ఆయనకే వాట్సాప్‌లో వచ్చింది. శనివారం కాబట్టి పైన వెంకటేశ్వరస్వామి, రెండు పక్కలా గులాబీలు, కింద "శుభోదయం". ఆ 'శు' సరిగ్గా సంతకం మీద కూర్చుంది. బాపు బొమ్మకూ, వడ్డాది పాపయ్య బొమ్మకూ ఈ గతి ఎప్పుడో పట్టింది. మూలన ఉన్న 'వ.పా.' కోసేస్తే ఆ బొమ్మ శుభాకాంక్ష అయిపోతుంది, పండగ పండగకూ తిరుగుతుంది. మామయ్య ఆ పొద్దున కాఫీ ముట్టలేదు. దొంగతనమన్నాడు, కేసన్నాడు. మధ్యాహ్నానికి బాపు, వపా, తను అనే వరస ఎక్కడో లోపల తట్టినట్టుంది, కాస్త మెత్తబడ్డాడు. సాయంత్రానికి ఆ శుభోదయాన్ని తనే బంధువులందరికీ పంపించాడు, "కింద ఉన్నది నాదే" అని.

రామప్ప గుడి మదనిక బొమ్మను అశ్లీలమని ఒక యాప్ తీసేసినప్పుడూ ఇంతే. ఎనిమిది వందల ఏళ్లుగా పాలంపేటలో వానకూ ఎండకూ నిలబడ్డ శిల్పం, 2021లో యునెస్కో జాబితాకెక్కిన గుడి. ఆయన వేసింది ఆ రాతినే. అప్పీలు బటన్ నొక్కితే జవాబిచ్చే మనిషి లేడు. కూతురు ఓదార్పుగా ఒక కబురు చెప్పింది. ఆస్ట్రియాలో దొరికిన, దాదాపు 30 వేల ఏళ్ల నాటి విల్లెండార్ఫ్ వీనస్ ఫొటోను ఫేస్‌బుక్ తీసేస్తే 2018లో అది ఉన్న వియన్నా మ్యూజియం గట్టిగా నిరసన తెలిపింది, కంపెనీ పొరపాటైందని క్షమాపణ చెప్పింది. మామయ్య దీన్ని ఓదార్పుగా తీసుకోలేదు, బిరుదుగా తీసుకున్నాడు. ఆ నెలంతా ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ "మనకీ, వియన్నావాళ్లకీ ఒకటే బాధ" అని కాఫీతోపాటు అందించాడు.

కృత్రిమ మేధ ఆయన కష్టాల్లో కొత్తది. 2025 మార్చిలో ఊరంతా తమ ఫొటోలను జపాన్ జిబ్లీ స్టూడియో బొమ్మల్లా మార్చుకుంటుంటే అల్లుడు మామగారి ఫొటో కూడా మార్చి పంపాడు. అత్తయ్య చూసి, "మీరు వేసినదాని కంటే దీన్లో జుట్టెక్కువుంది" అంది. సంసారం ఆ పూట నిలబడింది గానీ కొంచెం కష్టం మీద. బొమ్మల శైలిని యంత్రం నేర్చుకోకుండా, కంటికి కనపడని చిన్న చిన్న మార్పులతో దాన్ని తికమకపెట్టే గ్లేజ్ అనే సాఫ్ట్‌వేరును షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు 2023లో ఇచ్చారు. కూతురు ఆ పేరు చెప్పగానే మామయ్య నవ్వాడు. ఆరిన రంగు మీద పల్చటి రంగు పొర వెయ్యడాన్ని కుంచెవాళ్లు ఏనాటి నుంచో గ్లేజ్ అనే అంటారు. "నలభై ఏళ్లుగా వేస్తున్నానే! మనుషులే తికమకపడి కొనడం మానేశారు, యంత్రం ఎంత!"

మనసు బాగాలేనప్పుడు ఆయన నడిచి దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి పోతాడు. దామెర్ల 1897లో పుట్టి 1925లో మశూచితో పోయాడు. ఇరవై ఎనిమిదేళ్లైనా నిండాయో లేదో. రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రాడి చేతిని గుర్తుపట్టి బొంబాయి జె.జె. స్కూలుకు పంపించాడు. "చూశావురా, ఒక్క లైకు. ఒక్కటే. కూల్డ్రేది. దాంతో సరిపోయింది" అంటాడు మామయ్య గొంతు తగ్గించి. అలా అని, ఆ మాట మేనల్లుడికి నచ్చిందని కనిపెట్టి, బయటికి రాగానే మెట్ల మీద కూర్చుని దాన్నే పోస్టు చేశాడు. 31 వచ్చాయి. ఆయనకు సరిపోలేదు.

ఇంతవరకూ మేనల్లుడు ఒడ్డున నిలబడి రాసుకుపోయాడు గానీ, అతని పాదాలూ తడిసే ఉన్నాయి. పోయిన నెల ఒక వ్యాసం అచ్చయితే "నా చిన్న ప్రయత్నం" అని వినయం ఒలకబోస్తూ ఫేస్‌బుక్‌లో పెట్టింది ఇతనే. ప్రయత్నం చిన్నదని ఎవరైనా ఒప్పుకుంటారేమోనని రాత్రి రెండింటికి లేచి చూసుకుందీ ఇతనే. తెల్లారి మామయ్యకు ఫోను చేశాడు.

"చదివావా మామయ్యా?"

"చదివానురా. రెండో పేరా బ్రహ్మాండం."

"మరి లైకు కొట్టలేదేం?"

"నేను మానేశాను కదరా!"

ఫిబ్రవరిలో ఒక ఉదయం కోటిలింగాల రేవులో కూర్చుని మామయ్య పడవలు వేస్తున్నాడు. ఎవరో కుర్రాడు వెనక నిలబడ్డాడు. పావుగంట, అరగంట, అలా నిలబడే ఉన్నాడు. మాట్లాడలేదు, దగ్గలేదు, పిల్లి గురించి అడగలేదు. తిరిగి చూస్తే బెదిరిపోతాడేమోనని మామయ్య మెడ తిప్పలేదు. ఆ మధ్యాహ్నం ఫోనులో ఆయన గొంతు పాతికేళ్లు వెనక్కి వెళ్లింది. "ఒరేయ్, అరగంట చూశాడ్రా! బొమ్మ చూడ్డమంటే అదీ. తెనాలి వాడి తర్వాత వీడే."

మూడో రోజు అత్తయ్య గ్రూపులో ఒక వీడియో వచ్చింది. వెనక సినిమా పాట, తెర మీద "గోదారి గట్టు మీద తాత". కాగితం కనపడింది నాలుగు సెకన్లు, మిగతాదంతా బట్టతల మీద పొద్దుటెండ. మూడు లక్షల మంది చూశారు. చిత్రకారుడి పేరు ఎక్కడా లేదు. పేరు లేనందుకు ఎంత బాధపడ్డాడో చెప్పలేం గానీ, "తాత" అన్నందుకు మాత్రం సాయంత్రం దాకా అద్దం ముందు నుంచి కదల్లేదు.

రాత్రి ఫోను వచ్చింది. "నేను మానేశాను కాబట్టి అక్కడ నోరెత్తలేను. నువ్వు రాయరా. ఆయన పేరు ఫలానా, ముప్పై ఏళ్లు పత్రికలకు వేశాడు అని. తాత కాదు, ఇంకా మనవలు లేరు అని కూడా రాయి."

మేనల్లుడు రాశాడు. ఒకటికి రెండుసార్లు దిద్ది, చివర చిన్న చమత్కారం కూడా తగిలించి రాశాడు. ఈ ఉదయం మళ్లీ మామయ్య ఫోను.

"ఎన్నయ్యాయిరా?"

"పందొమ్మిది మామయ్యా."

"నా బొమ్మకా?"

మేనల్లుడు కాసేపు ఏమీ అనలేదు. అతను పొద్దుట్నుంచీ చూస్తున్నది తన కామెంటు కింద లెక్క.